పిన్నా, పాస్‌వర్డా? మైక్రోసాఫ్ట్ అకౌంటా, లోకల్ అకౌంటా? విండోస్‌లో మీకేది సరిపోతుంది

కంప్యూటర్ ఆన్ చేయగానే పిన్ అడుగుతుంది. గుర్తున్న నాలుగంకెలు కొడితే తప్పంటుంది. పోనీ అని జీమెయిల్ పాస్‌వర్డ్ కొడితే అదీ కాదంటుంది. కోడ్ పంపుతానంటూ చూపించే నంబరు చివరి రెండంకెలు చూస్తే, అది ఎప్పుడో రీచార్జ్ మానేసిన సిమ్. విండోస్ 11 వచ్చాక ఈ టెన్షన్ ఇంకా పెరిగింది. కొత్త ల్యాప్‌టాప్ తెరిచీ తెరవగానే అకౌంట్, పాస్‌వర్డ్, పిన్, వేలిముద్ర అన్నీ వరసపెట్టి అడిగేస్తుంది. మనం ‘నెక్స్ట్’ మీద ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ పోతాం. ఏది దేనికి ఇచ్చామో నెల తిరిగేసరికి గుర్తుండదు.

చిక్కంతా మూడు వేర్వేరు విషయాలు కలగాపులగం అయిపోవడం వల్లే. ఒకటి, అకౌంట్ ఎక్కడిది? మైక్రోసాఫ్ట్ దగ్గర ఉన్నదా, ఈ కంప్యూటర్‌లో మాత్రమే ఉన్నదా? రెండు, దానికి అధికారం ఎంత? అడ్మినిస్ట్రేటరా, స్టాండర్డా? మూడు, రోజూ లోపలికి దేనితో వెళ్తున్నారు? పిన్‌తోనా, పాస్‌వర్డ్‌తోనా, వేలితోనా? ఈ మూడూ దేనికదే. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కూ పిన్ పెట్టుకోవచ్చు, లోకల్ అకౌంట్‌కూ పెట్టుకోవచ్చు. రెండింటిలో ఏదైనా అడ్మినిస్ట్రేటర్ కావచ్చు, కాకపోవచ్చు. ‘నాది పిన్ అకౌంట్’ అని ఎవరైనా అంటే అక్కడే లెక్క తప్పింది.

ఎంచుకునేటప్పుడు చాలామంది అడిగేది ‘ఏది సేఫ్?’ అని. నేనైతే ముందు ఇంకోటి అడుగుతాను. మర్చిపోయిన రోజున మిమ్మల్ని లోపలికి ఎవరు పంపాలి? నేను చూసినంతలో ఇళ్లలో ల్యాప్‌టాప్ దొంగ చేతిలో పడడం కంటే, సొంతదారే లోపలికి వెళ్లలేక కూర్చోవడం ఎక్కువ. అందుకని కింద చెప్పే పోలికంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు మీదేదో చూసుకోండి

సెట్టింగ్స్ తెరిచి, అకౌంట్స్‌లో ‘యువర్ ఇన్ఫో’ నొక్కండి. పేరు కింద ఈమెయిల్ కనిపిస్తే అది మైక్రోసాఫ్ట్ అకౌంట్. ‘లోకల్ అకౌంట్’ అని ఉంటే లోకల్. అక్కడే ‘అడ్మినిస్ట్రేటర్’ అన్న మాట ఉంటే అధికారం పూర్తిగా మీదే. లేకపోతే స్టాండర్డ్. అరనిమిషం పని. ఇది చూడకుండా పిన్ మార్చడానికి, తీసేయడానికి కూర్చోవద్దు.

ఇక మన దగ్గర అన్నింటికంటే ఎక్కువ మందిని తిప్పలు పెట్టేది జీమెయిల్. మైక్రోసాఫ్ట్ అకౌంట్ అంటే అవుట్‌లుక్ మెయిలో హాట్‌మెయిలో ఉండాలని లేదు. ఏ ఈమెయిల్‌తోనైనా తెరవచ్చు. చాలామంది జీమెయిల్‌తోనే తెరుస్తారు. అప్పుడు ఒకే ఈమెయిల్‌కు రెండు పాస్‌వర్డ్‌లు అవుతాయి. గూగుల్‌కు ఒకటి, మైక్రోసాఫ్ట్‌కు ఇంకొకటి. ఒకటి మారిస్తే రెండోది మారదు. ‘నా పాస్‌వర్డ్ కరెక్టే, ఫోన్‌లో మెయిల్ తెరుచుకుంటోంది కదా’ అని వాదించేవాళ్ల కథ దాదాపు ఎప్పుడూ ఇదే. లాగిన్ తెర అడుగుతున్నది మైక్రోసాఫ్ట్ పాస్‌వర్డ్‌ను. ఫోన్‌లో పనిచేస్తున్నది గూగుల్ పాస్‌వర్డ్.

ఇంకో రకం కూడా ఉంది. కొన్నప్పుడు షాపులో కుర్రాడే సెటప్ చేసి ఇస్తాడు. హడావుడిగా తన మెయిల్‌తోనో, అప్పటికప్పుడు సృష్టించిన కొత్త మెయిల్‌తోనో అకౌంట్ తెరిచి, ‘పిన్ ఫలానా’ అని చీటీ మీద రాసిస్తాడు. ఆ చీటీలో పిన్ ఉంటుంది, అకౌంట్ పాస్‌వర్డ్ ఉండదు. పిన్ పనిచేసినన్నాళ్లు అంతా బాగానే ఉంటుంది. ‘యువర్ ఇన్ఫో’లో మీకు తెలియని ఈమెయిల్ కనిపిస్తే ఈ వ్యాసం మిగతాది తర్వాత చదవొచ్చు. ముందు లోపలికి వెళ్లగలుగుతున్న ఈ రోజే ఆ అకౌంట్‌ను మీ సొంతదానికి మార్చుకోండి.

మైక్రోసాఫ్ట్ అకౌంట్, లోకల్ అకౌంట్

లోకల్ అకౌంట్ పాతకాలం పద్ధతి. పేరు, పాస్‌వర్డ్ ఆ కంప్యూటర్‌లోనే ఉంటాయి, బయట ఎవరికీ తెలియవు. ఇంటర్నెట్ అక్కర్లేదు. 2012లో వచ్చిన విండోస్ 8తో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోనే కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి మొదలైంది. 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చేసరికి హోమ్ ఎడిషన్ సెటప్‌లో అది తప్పనిసరి అయింది. మరుసటి ఏడాది వచ్చిన అప్‌డేట్‌తో ప్రో ఎడిషన్‌ను సొంతానికి వాడుకునేవాళ్లకూ అదే నియమం వచ్చింది. సెటప్‌లో దాన్ని తప్పించుకోవడానికి యూట్యూబ్‌లో చూపించే చిట్కాలను మైక్రోసాఫ్ట్ ఒక్కొక్కటిగా మూసేస్తోంది. పోయినేడు పనిచేసినది ఈ ఏడు పనిచేస్తుందన్న నమ్మకం లేదు. వాటి వెంట పడడం కంటే, ముందు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ పూర్తి చేసి, తర్వాత కావాలంటే లోకల్‌కు మారడం తేలిక. ప్రో ఎడిషన్‌లో అయితే సెటప్ సమయంలోనే ‘వర్క్ ఆర్ స్కూల్’ ఎంచుకొని, సైన్-ఇన్ ఆప్షన్స్‌లో ‘డొమైన్ జాయిన్ ఇన్‌స్టెడ్’ నొక్కితే లోకల్ అకౌంట్ దొరుకుతుంది.

ఇప్పుడు మర్చిపోయిన రోజు సంగతి. మైక్రోసాఫ్ట్ అకౌంట్ అయితే పాస్‌వర్డ్ మర్చిపోయినా ఏ ఫోన్ నుంచైనా వాళ్ల వెబ్‌సైట్‌లో మార్చుకోవచ్చు. పిన్ మర్చిపోతే లాగిన్ తెర మీదే ‘ఐ ఫర్గాట్ మై పిన్’ నొక్కి, అకౌంట్ పాస్‌వర్డ్ కొట్టి, వచ్చిన కోడ్ ఇచ్చి కొత్త పిన్ పెట్టుకోవచ్చు. దీనికి నెట్ ఉండాలి. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఇదంతా జరగాలంటే అకౌంట్‌లో ఇచ్చిన ఫోన్ నంబరు, రెండో ఈమెయిల్ ఇప్పటికీ మీ చేతిలో ఉండాలి. అవి రెండూ పోయి ఉంటే, వాటి బదులు కొత్తవి ఇచ్చాక 30 రోజులు ఆగాలి. ఆలోగా ఎంత తొందర ఉన్నా మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడా ఆ గడువు తగ్గించరు. నంబరు మార్చినప్పుడు బ్యాంకుకు, గ్యాస్ ఏజెన్సీకి చెప్పినట్టే ఇక్కడా మార్చేయాలి.

లోకల్ అకౌంట్ పాస్‌వర్డ్ మర్చిపోతే బయటివాళ్లు ఎవరూ చేసేదేమీ లేదు. 2018 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి లోకల్ అకౌంట్‌కు మూడు సెక్యూరిటీ ప్రశ్నలు పెట్టుకునే వీలు వచ్చింది. తప్పు పాస్‌వర్డ్ కొట్టాక ‘రీసెట్ పాస్‌వర్డ్’ నొక్కితే ఆ ప్రశ్నలు అడుగుతుంది. సమాధానాలు అక్షరం పొల్లు పోకుండా కొట్టాలి. పుట్టిన ఊరి పేరు ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆరోజు ఒక ‘హెచ్’ ఎక్కువ వేశారో తక్కువ వేశారో మీకే తెలియాలి. మన ఊళ్ల పేర్లకు, ఇంటిపేర్లకు ఇంగ్లీషులో నాలుగు స్పెల్లింగులు ఉంటాయి కాబట్టి ఇది మనకు మరీ ఇబ్బంది. సమాధానాలు ఎలా కొట్టారో అలాగే కాగితం మీద రాసిపెట్టుకోండి. ప్రశ్నలు లేకపోతే, అదే కంప్యూటర్‌లో ఇంకో అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ ఉంటే దాని నుంచి పాస్‌వర్డ్ మార్చవచ్చు. అదీ లేకపోతే చివరికి మిగిలేది రీసెట్, అంటే అంతా తుడిచి విండోస్‌ను మొదటినుంచి మొదలుపెట్టడం. ఫోటోలు, ఫైళ్లు పోతాయి.

కాబట్టి మతిమరుపు విషయంలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌దే పైచేయి. కానీ అది తనతోపాటు కొన్ని తెస్తుంది, వాటిని అందరూ కోరుకోరు. వన్‌డ్రైవ్ అంటే మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఆన్‌లైన్ స్టోరేజీ. దాని బ్యాకప్ ఆన్ అయి ఉంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు దానిలోకి చేరిపోతాయి. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. పెళ్లి ఫోటోలు డెస్క్‌టాప్ మీద పడేసేవాళ్లకు అది ఎన్నాళ్లు? తర్వాత ‘స్టోరేజీ నిండింది’ అన్న గోల మొదలు. వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ ఫోల్డర్ల బ్యాకప్ ఆపేయవచ్చు. దానికోసం అకౌంటే మార్చాల్సిన పనిలేదు. రెండేళ్లు ఒక్కసారీ సైన్ ఇన్ కాని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ను మూసేస్తారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇంకో చిన్న చిరాకు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే సీ డ్రైవ్‌లో మీ ఫోల్డర్‌కు ఈమెయిల్ మొదటి ఐదు అక్షరాలే పేరుగా వస్తాయి. లక్ష్మీనారాయణ అని ఇంగ్లీషులో మొదలయ్యే ఈమెయిల్ ఉన్నాయన ఫోల్డర్ ‘లక్ష్’ దగ్గర ఆగిపోతుంది. తర్వాత దాన్ని మార్చడం తలనొప్పి. ఇది మీకు పట్టింపు అయితే నచ్చిన పేరుతో కొత్త లోకల్ అకౌంట్ తెరిచి, దాన్ని తర్వాత మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు కలపండి. ఫోల్డర్ పేరు మీరు పెట్టినదే నిలుస్తుంది.

లోకల్‌కు మారాలంటే ‘యువర్ ఇన్ఫో’లోనే ‘సైన్ ఇన్ విత్ ఎ లోకల్ అకౌంట్ ఇన్‌స్టెడ్’ అని ఉంటుంది. ఫైళ్లు, ప్రోగ్రాములు అన్నీ అలాగే ఉంటాయి. అయితే దాన్ని నొక్కే ముందు కింది భాగం తప్పకుండా చదవండి.

నలభై ఎనిమిది అంకెల రికవరీ కీ

విండోస్ 11 ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదటిసారి లోపలికి వెళ్లగానే హార్డ్ డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే తాళం లేనివాళ్లు చదవలేని రూపంలోకి మారిపోతుంది. మిమ్మల్ని పెద్దగా అడగదు. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్‌తో కొత్తగా విండోస్ వేసుకున్నప్పుడు ఇది ఇంకా ఎక్కువ కంప్యూటర్లకు వర్తిస్తోంది. మంచిదే. ల్యాప్‌టాప్ పోయినా డిస్క్ ఊడదీసి ఫైళ్లు చదవలేరు. దాని తాళం 48 అంకెల రికవరీ కీ. అది వెళ్లి చేరేది ఆ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో.

ఏడాదంతా ఆ కీ అవసరం రాదు. ఒకరోజు మదర్‌బోర్డు మారుస్తారు, లేదా బయోస్‌కు, అంటే విండోస్ కంటే ముందు కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రాంకు, అప్‌డేట్ పడుతుంది. కంప్యూటర్ ఆన్ చేస్తే మామూలు లాగిన్ తెర రాదు. నీలం తెర వచ్చి రికవరీ కీ కొట్టమంటుంది. అక్కడ పిన్ పనిచేయదు, పాస్‌వర్డ్ పనిచేయదు. ఆ కీ ఒక్కటే పనిచేస్తుంది. అకౌంట్ షాపు కుర్రాడి మెయిల్ మీద ఉంటే? లోకల్‌కు మారిపోయి, పాత మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఏదో మర్చిపోయి ఉంటే? లోకల్‌కు మారినంత మాత్రాన ఎన్‌క్రిప్షన్ తొలగిపోదు. కీ పోయిందంటే మైక్రోసాఫ్ట్ సపోర్ట్ వాళ్లు కూడా దాన్ని మళ్లీ తయారుచేసి ఇవ్వలేరు. డిస్క్ తుడిచి విండోస్ కొత్తగా వేసుకోవడమే.

అందుకని ఏ అకౌంట్ ఎంచుకున్నా ఈ ఒక్కపని చేయండి. ఫోన్ బ్రౌజర్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, డివైసెస్‌లో ఆ కంప్యూటర్ కింద రికవరీ కీ చూడండి. ఆరేసి అంకెల గుంపులు ఎనిమిది ఉంటాయి. కాగితం మీద రాసి ఇంటి కాగితాలు పెట్టే బీరువాలో పెట్టండి. ఆ కంప్యూటర్‌లోనే నోట్‌ప్యాడ్‌లో దాచుకోవద్దు. అవసరమైన రోజున మీరు ఉండేది దాని బయట. ఎన్‌క్రిప్షనే వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ కింద ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ ఆపేయవచ్చు. ఇంట్లో బల్ల మీంచి కదలని కంప్యూటర్‌కు నేను దాన్ని తప్పుపట్టను. బస్సుల్లో, రైళ్లలో తిరిగే ల్యాప్‌టాప్‌కు మాత్రం ఉంచడమే మేలు.

పిన్, పాస్‌వర్డ్

నాలుగంకెల పిన్ కంటే పన్నెండు అక్షరాల పాస్‌వర్డే గట్టిది కదా, మైక్రోసాఫ్ట్ ఎందుకు పిన్ పెట్టుకోమని వెంటపడుతుంది? తేడా పొడవులో లేదు. పాస్‌వర్డ్ అకౌంట్‌ది. అది తెలిసినవాడు ప్రపంచంలో ఎక్కడినుంచైనా మీ మెయిల్, వన్‌డ్రైవ్ తెరిచే ప్రయత్నం చేయొచ్చు. పిన్ ఆ ఒక్క యంత్రానిది. అది కంప్యూటర్ దాటి మైక్రోసాఫ్ట్‌కు పోదు. పాస్‌వర్డ్ ఇంటి పట్టా లాంటిదైతే పిన్ వీధి తలుపు తాళంచెవి. మీ పిన్ ఎవరికైనా తెలిసినా, ఆ ల్యాప్‌టాప్ చేతిలో ఉంటే తప్ప దానితో ఏమీ చేయలేరు. ఇంట్లో రెండు కంప్యూటర్లు ఉంటే రెండింటికీ వేర్వేరు పిన్‌లు ఉండొచ్చు. ‘ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పిన్ మార్చాను, ఇంట్లో పాతదే అడుగుతోంది’ అన్న అనుమానానికి జవాబు ఇదే.

మరి ల్యాప్‌టాప్ చేతిలో ఉన్నవాడు వరసగా అంకెలు కొట్టుకుంటూ పోతే? నాలుగు తప్పులు పడ్డాక విండోస్ ఒకసారి ఆపి ‘ఏ1బీ2సీ3’ అని కొట్టమంటుంది. నొక్కుతున్నది మనిషేనా, కీబోర్డు మీద పుస్తకం పడిందా అని చూసుకోవడానికి. ఇది కనిపించగానే చాలామంది హ్యాకయిందని హడలిపోతారు. అదేం లేదు, అది చెప్పినది చెప్పినట్టు కొట్టండి. ఆ తర్వాత కూడా తప్పులు పడితే కంప్యూటర్ రీస్టార్ట్ చేయమంటుంది. లోపల టీపీఎం అనే చిప్ 32 తప్పుల దాకా లెక్కపెట్టుకొని, ఆపైన పది నిమిషాలకు ఒక ప్రయత్నం చొప్పున మాత్రమే వదులుతుంది. ఆ లెక్కన నాలుగంకెల పిన్‌లు పదివేలూ ప్రయత్నించడానికి 69 రోజులు పడుతుంది. ఆరంకెలయితే 19 ఏళ్లు. అందుకే నా ఓటు ఆరంకెలకు. విండోస్ 11కు టీపీఎం 2.0 తప్పనిసరి కాబట్టి ఆ భరోసా ఉంటుంది. చిప్ లేని పాత కంప్యూటర్‌లో ఈ లెక్క చెల్లదు. అలాంటి చోట గట్టి పాస్‌వర్డే నయం.

1234, 1111, 1357 లాంటివి విండోస్ ఒప్పుకోదు. అంకెల మధ్య ఒకే తేడా ఉంటే తిప్పికొడుతుంది, 9630 కూడా అదే లెక్కలో పోతుంది. కానీ పుట్టిన సంవత్సరం, బండి నంబరు పెడితే అడ్డు చెప్పదు. ఇంట్లోవాళ్లు ఊహించేవి మొదట అవే. అంతకంటే ముఖ్యం, యూపీఐ పిన్, ఏటీఎం పిన్ తెచ్చి ఇక్కడ పెట్టొద్దు. పక్కన కూర్చున్నవాళ్ల ఎదుట రోజుకు పదిసార్లు కొట్టే పిన్ ఇది. డబ్బుల పిన్ అలా కొట్టం కదా. అంకెలే ఉండాలనీ లేదు. పిన్ పెట్టేటప్పుడు అక్షరాలు, గుర్తులు కలిపే టిక్ ఒకటి ఉంటుంది.

వేలిముద్ర, ముఖం రెండూ పిన్ పెట్టాకే పనిచేస్తాయి. అవి మొరాయించినప్పుడు దిక్కు పిన్నే. పిన్ వద్దు, వేలు ఒక్కటే చాలు అంటే కుదరదు. అలాగే లోకల్ అకౌంట్‌కు ముందు పాస్‌వర్డ్ ఉంటేనే పిన్ పెట్టనిస్తుంది.

పిన్‌తో రోజూ వెళ్లడంలో అసలు ప్రమాదం వేరే ఉంది. పాస్‌వర్డ్ కొట్టే అవసరమే రాక, అది పూర్తిగా మరుగున పడిపోతుంది. నెట్‌వర్క్‌లో ఇంకో కంప్యూటర్ నుంచి ఫోల్డర్ తెరిచేటప్పుడో, దూరం నుంచి ఈ కంప్యూటర్‌ను నడిపే రిమోట్ డెస్క్‌టాప్‌తో వచ్చేటప్పుడో విండోస్ అడిగేది పాస్‌వర్డ్‌నే. అక్కడ పిన్ ఎన్నిసార్లు కొట్టినా చెల్లదు.

లాగిన్ తెర మీద పాస్‌వర్డ్ కొట్టే చోటే లేదంటారా? సైన్-ఇన్ ఆప్షన్స్‌లో, మైక్రోసాఫ్ట్ అకౌంట్లకు విండోస్ హలో (పిన్, వేలిముద్ర, ముఖంతో వెళ్లే పద్ధతి) మాత్రమే అనుమతించమనే స్విచ్ ఆన్‌లో ఉందేమో చూడండి. అది ఆన్‌లో ఉంటే పాస్‌వర్డ్ ఆప్షన్ మాయమవుతుంది, పిన్ తీసేసే బటన్ కూడా పనిచేయదు. ఆఫ్ చేసి ఒకసారి బయటికి వచ్చి మళ్లీ వెళ్తే రెండూ తిరిగొస్తాయి. నేను దాన్ని ఆఫ్‌లోనే ఉంచమంటాను, పిన్ చెడిన రోజు రెండో దారి ఉంటుంది. పిన్ నిజంగానే చెడుతుంది కూడా. బయోస్ అప్‌డేట్ తర్వాతో, టీపీఎంను తుడిచాకో ‘మీ పిన్ అందుబాటులో లేదు, మళ్లీ సెట్ చేసుకోండి’ అన్న సందేశం రావచ్చు. మీరు మర్చిపోవడం కాదది. పాస్‌వర్డ్‌తో వెళ్లి కొత్త పిన్ పెట్టుకుంటే సరిపోతుంది.

ఈ గందరగోళమంతా ఏమీ లేకుండా, నమ్‌లాక్ ఆఫ్‌లో ఉండి అంకెలు పడకపోవడం కూడా మామూలే. తెలుగు కీబోర్డు వేసుకున్నవాళ్లు పాస్‌వర్డ్ కొట్టే ముందు తెర కింద కుడిమూల ఏ భాష ఉందో చూసుకోండి.

అడ్మినిస్ట్రేటర్, స్టాండర్డ్

దీని మీద ఎక్కువ చెప్పాల్సిన పనిలేదు. అడ్మినిస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్ వేయగలడు, వేరేవాళ్ల అకౌంట్లు మార్చగలడు. స్టాండర్డ్ అకౌంట్‌లో అలాంటి పని వచ్చినప్పుడల్లా అడ్మినిస్ట్రేటర్ పిన్ లేదా పాస్‌వర్డ్ అడుగుతుంది. మొదట తెరిచిన అకౌంట్ అడ్మినిస్ట్రేటర్ అవుతుంది, తర్వాత చేర్చినవి స్టాండర్డ్‌గా వస్తాయి. అడ్మినిస్ట్రేటర్ అయితే మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలేమో అని అడుగుతుంటారు. రెండింటికీ సంబంధం లేదు. పిల్లలకు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు స్టాండర్డే ఇవ్వండి. ఫోన్ చేసి ‘మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ ప్రోగ్రాం వేయండి’ అనే మోసగాళ్లు ఉన్నారు. స్టాండర్డ్ అకౌంట్ వాళ్లను పూర్తిగా ఆపకపోయినా కొంత అడ్డుపడుతుంది. మైక్రోసాఫ్ట్ తనంతట తాను ఎవరికీ అలా ఫోన్ చేయదు.

ఆఫీసు, కాలేజీ అకౌంట్

మూడోరకం అకౌంట్ ఇది. కాలేజీ ఇచ్చిన మెయిల్‌తో, ఆన్‌లైన్ క్లాసులు, మీటింగులు జరిగే టీమ్స్ యాప్‌లోకి వెళ్తారు. వెళ్లగానే, ఈ పరికరాన్ని మీ సంస్థ నిర్వహించడానికి అనుమతించాలా అని ఒక పెట్టె వస్తుంది, టిక్ ముందే పెట్టి ఉంటుంది. ‘ఓకే’ నొక్కితే మీ సొంత ల్యాప్‌టాప్ ఆ సంస్థ నియమాల కిందికి పోవచ్చు. పిన్ ఇన్ని అంకెలు ఉండాలని, ఇన్ని రోజులకు మార్చాలని వాళ్లు శాసించవచ్చు. డేటా తుడిచే అధికారం కూడా వాళ్ల చేతికి పోవచ్చు. ఉన్నట్టుండి పాత పిన్ చాలదని, కొత్తది పెట్టమని విండోస్ గొడవ చేస్తే దీన్నే ముందు అనుమానించాలి. సొంత ల్యాప్‌టాప్ అయితే ఆ టిక్ తీసి, ‘ఈ యాప్‌కు మాత్రమే సైన్ ఇన్’ అన్నదాన్ని ఎంచుకోండి. ఇప్పటికే కలిపేసి ఉంటే సెట్టింగ్స్‌లో అకౌంట్స్ కింద ‘యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్’లో డిస్కనెక్ట్ ఉంటుంది. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో మాత్రం మీకు ఎంపిక ఏమీ లేదు, వాళ్లు చెప్పినట్టే.

ఎవరికి ఏది

ఇంట్లో ఒకరే వాడే ల్యాప్‌టాప్‌కు మైక్రోసాఫ్ట్ అకౌంట్, ఆరంకెల పిన్, కాగితం మీద రికవరీ కీ. నెట్ ఉన్నంతకాలం మతిమరుపును ఇది కాస్తుంది. మదర్‌బోర్డు మార్చాక విండోస్ లైసెన్సు తిరిగి తెచ్చుకోవడానికి కూడా అకౌంట్ సాయపడుతుంది.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, అమ్మానాన్నల కోసం విజయవాడలోనో కరీంనగర్‌లోనో ల్యాప్‌టాప్ పెట్టించే ఇళ్లలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. అకౌంట్ కొడుకు మెయిల్‌తో, కోడ్ కొడుకు నంబరుకు. ఇక్కడ పొద్దున పది గంటలకు నాన్న పిన్ మర్చిపోతే అమెరికాలో అర్ధరాత్రి. అకౌంట్ నాన్న పేరు మీద, కోడ్ నాన్న ఫోన్‌కు రావాలి. రెండో ఈమెయిల్‌గా కొడుకుది చేర్చండి. అదే కంప్యూటర్‌లో కొడుకు పేరు మీద ఒక లోకల్ అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ తెరిచి, దాని పాస్‌వర్డ్ రాసి ఇంట్లోనే ఉంచితే, నాన్న అకౌంట్‌లో ఏం తేడా వచ్చినా వేరే దారి ఉంటుంది. పెద్దవాళ్లకు నెట్ వాడకమే లేదు, పాటలు, సినిమాలు, ఫోటోలు మాత్రమే అంటే లోకల్ అకౌంట్ చాలు.

విండోస్ 10 వదలని ఇళ్లకు ఒక సంగతి. దాని మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే పథకం ఉంది కానీ, దానిలో చేరడానికి మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి, డబ్బు కట్టి చేరినా సరే. లోకల్ అకౌంట్‌తో ఏళ్ల తరబడి ప్రశాంతంగా ఉన్నవాళ్లు కూడా దీనికోసం ఒక అకౌంట్ తెరవక తప్పదు.

సర్వీసుకు ఇచ్చేటప్పుడు పిన్ చెప్పమంటారు. అది చెబితే మీ మెయిల్, ఫోటోలు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు అన్నీ వాళ్ల ఎదుట పరిచినట్టే. తాత్కాలికంగా ఒక లోకల్ అకౌంట్ తెరిచి దాని పాస్‌వర్డ్ ఇవ్వండి, ఎక్కువ రిపేర్లకు అది చాలు. అడ్మినిస్ట్రేటర్ కావాలని పట్టుబడితే దాన్ని అడ్మినిస్ట్రేటర్ చేసి ఇవ్వండి కానీ, అప్పుడు అవతలివాళ్లు తలుచుకుంటే మీ ఫైళ్లు కూడా తెరవగలరు. ముఖ్యమైనవి ముందే వేరే డ్రైవ్‌లోకి తీసుకోండి. తిరిగొచ్చాక ఆ అకౌంట్ తీసేయండి.

షాపు కౌంటర్ మీద, చిన్న ఆఫీసులో నలుగురు వాడే కంప్యూటర్‌కు నేను లోకల్ అకౌంట్లే చెబుతాను. యజమానిది అడ్మినిస్ట్రేటర్, పనివాళ్లకు మనిషికొక స్టాండర్డ్, ఎవరి పిన్ వాళ్లది. అందరికీ ఒకే పిన్ పెట్టి గోడ మీద అతికించే పద్ధతిలో ఎవరు ఏ బిల్లు మార్చారో తేలదు. యజమాని తన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ను ఆ కంప్యూటర్‌లో పెడితే, ఆయన వన్‌డ్రైవ్, మెయిల్ కౌంటర్ మీద తెరిచి ఉన్నట్టే. పని మానేసి వెళ్లినవాళ్ల అకౌంట్‌ను ‘అదర్ యూజర్స్’లో తీసేయాలి. అయితే రిమూవ్ నొక్కితే ఆ అకౌంట్ కింద డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. పాత కొటేషన్లు, కస్టమర్ల లిస్టులు దానిలో ఉన్నాయేమో చూసి, ముందు కాపీ చేసుకోండి.